కాశీలో తెలుగు స్వామి, ఆయన్ని చూడవచ్చిన రామకృష్ణులు

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని మన పెద్దవాళ్ళు అనేవారు. రైలు లేని రోజుల్లో ఆ మాటలో అబద్ధం లేదు. ఈ వారం మనం చెప్పుకోబోయే ఆయన విజయనగరం వైపు నుంచి కాశీ వెళ్ళి, మళ్ళీ తిరిగి రాలేదు. అక్కడే దశాబ్దాల తరబడి ఉండిపోయారు. ఎంతగా ఉండిపోయారంటే ఆయన సొంత పేరు కూడా జనం మరిచిపోయారు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు శివరాముడు. గురువు ఇచ్చిన సన్యాస నామం గణపతి సరస్వతి. ఈ రెండు పేర్లూ పుస్తకాల్లోనే మిగిలాయి. కాశీ జనం ఆయన్ని పిలిచింది తైలంగ స్వామి అని. అంటే తెలుగు స్వామి, అంతే. బెంగాలీ వాళ్ళు త్రైలంగ స్వామి అన్నారు. మనవాళ్ళు త్రైలింగ స్వామి అని రాస్తారు. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం, ఈ మూడు శివలింగాల నడుమ ఉన్న నేల త్రిలింగ దేశం అనే పాత మాట అందులో ఉంది.

మన క్యాంపుల్లోనూ ఇదే కదా జరిగేది. ఒక రూములో ఇద్దరు శ్రీనులు ఉంటే ఒకడు నిజామాబాద్ శ్రీను, ఇంకొకడు సిక్కోలు శ్రీను అవుతాడు. అదే సైటు మీదికి వెళ్తే ఆ శ్రీను కూడా పోతాడు. ఇండియావాడు అంటారు, అంతటితో సరి.

స్వామి పుట్టిన ఊరు కుంభిలాపురం అని చరిత్రలు రాసినవాళ్ళు చెబుతారు. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని కుమిలి అదేనట. తండ్రి నరసింహారావు, తల్లి విద్యావతి. కలిగిన కుటుంబమే. తండ్రి పోయాక ఆస్తి తనకొద్దని తమ్ముడు శ్రీధరుడికి వదిలేశారట. తల్లి పోయినప్పుడు ఆమెను దహనం చేసిన శ్మశానం దగ్గరే ఒక పాక వేసుకుని, ఇరవై ఏళ్ళు అక్కడే సాధనలో గడిపారట. తమ్ముడే తిండి పంపేవాడని చెబుతారు. తర్వాత పంజాబు నుంచి వచ్చిన భగీరథానంద సరస్వతి అనే సాధువు వెంట పుష్కరం వెళ్ళి సన్యాసం తీసుకున్నారు. అక్కడి నుంచి ఎన్నో చోట్లు తిరిగి చివరికి కాశీ చేరారు.

ఇక్కడొక మాట చెప్పాలి. స్వామి 1607లో పుట్టారని కొందరు, 1529లో పుట్టారని ఇంకొందరు రాశారు. సమాధి చెందింది మాత్రం 1887 డిసెంబరు 26న. అంటే మొదటి లెక్కలో 280 ఏళ్ళు, రెండో లెక్కలో 358 ఏళ్ళు. నేను ఆఫీసులో కాగితాలు చూసుకునే గుమస్తాను. పుట్టిన తేదీ గడి దగ్గర నా కన్ను ఊరికే ఆగుతుంది. మనవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఎంతమంది జనవరి 1న పుట్టారో చూసినవాణ్ణి కనుక, తేదీ తెలియనిచోట మనుషులు ఏదో ఒకటి రాసేస్తారని నాకు తెలుసు. స్వామి చాలా కాలం బతికారన్నది నమ్ముతాను. 280 ఏళ్ళన్నది నా చేతితో ఫారంలో నింపలేను. భక్తులు నొచ్చుకోవద్దు.

మహిమల కథలకూ కొదవ లేదు. బట్ట లేకుండా ఘాట్ల మీద తిరుగుతున్నారని పోలీసులు పట్టుకెళ్ళి గదిలో పెట్టి తాళం వేస్తే, కాసేపటికి పైకప్పు మీద కనిపించారట. ఎవడో పాలని చెప్పి సున్నపు నీళ్ళు ఇస్తే గటగటా తాగేశారట, కడుపునొప్పి మాత్రం ఇచ్చినవాడికి వచ్చిందట. అంత భారీ శరీరం, తిండి మాత్రం ఎప్పుడో ఒకసారి. పరమహంస యోగానంద 1946లో అచ్చయిన తన ఆత్మకథలో ఈ కథలు చెప్పి వాటిని ప్రపంచమంతా తిప్పారు. వాటిని అలా ఉంచుదాం. నాకు ఈ కథలన్నిటికన్నా విలువైనది ఒక చిన్న సంగతి. 1868లో ఒక యాత్రికుడు వచ్చి ఆయన్ని చూశాడు. ఆ చూసినదాంట్లో మహిమ పాలు చాలా తక్కువ.

ఆ యాత్రికుడు రామకృష్ణ పరమహంస. కలకత్తా దగ్గర దక్షిణేశ్వరం కాళి గుడిలో ఉండేవారు. 1893లో చికాగో సభకు పోతూ మన కెనడాలోనే వాంకూవర్ రేవులో దిగి రైలెక్కిన వివేకానందుడికి గురువు ఈయనే. 1868 నాటికి ఇవేవీ లేవు. వివేకానందుడు అప్పటికి ఐదేళ్ళ పిల్లవాడు. రామకృష్ణులకు ముప్పై రెండేళ్ళు నిండబోతున్నాయి. అంటే మనలో చాలామంది వయసే.

అప్పటికి రైలు వచ్చేసింది. దాని విలువ తెలియాలంటే మన ఏనుగుల వీరాస్వామి గారిని తలుచుకోవాలి. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయల్దేరి, కాశీ చూసుకుని మళ్ళీ మద్రాసు చేరేసరికి 1831 సెప్టెంబరు అయ్యింది. పదిహేను నెలలు. వెంట వందమంది దాకా పరివారం. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయ్యింది. ఆఫీసు ఉద్యోగి రాసిన పుస్తకం కాబట్టి నాకు కాస్త అభిమానం ఎక్కువ, ఒప్పుకుంటాను. దారి ఖర్చు, నీళ్ళ వసతి, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, అన్నీ రాసిపెట్టారు.

రామకృష్ణుల యాత్ర ఖర్చంతా మధుర్ బాబుది. దక్షిణేశ్వరం గుడి కట్టించిన రాణీ రాస్మణికి ఆయన అల్లుడు, జమీందారు. 1868 జనవరి 27న బయల్దేరారు. వందమందికి పైగా జనం. రైల్లో ఒక రెండో తరగతి పెట్టె, మూడు మూడో తరగతి పెట్టెలు వీళ్ళకోసమే మాట్లాడుకున్నారు.

మొదటి మజిలీ దేవఘర్, వైద్యనాథుడి క్షేత్రం. ఇప్పుడది జార్ఖండ్‌లో ఉంది. ఆ దగ్గరి పల్లెలో జనాన్ని చూసి రామకృష్ణులు ఆగిపోయారు. ఎముకలు తేలిన ఒళ్ళు, జడలు కట్టిన తలలు, ఒంటి మీద సరైన గుడ్డ లేదు. వీళ్ళందరికీ తలకు నూనె ఇవ్వు, తలా ఒక బట్ట ఇవ్వు, కడుపునిండా ఒక పూట పెట్టు అని మధుర్ బాబును అడిగారు. మధుర్ బాబు వెనకాడారు. యాత్ర ఖర్చు చాలా ఉంది, ఇంతమందికి పెట్టుకుంటూ పోతే చేతిలో డబ్బు చాలదు అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. వందమందిని వెంటేసుకుని బయల్దేరినవాడికి లెక్క ఉంటుంది. రామకృష్ణులు మాత్రం నీ కాశీకి నేను రాను, వీళ్ళతోనే ఉంటాను అని వెళ్ళి ఆ బీదవాళ్ళ మధ్య కూర్చున్నారు. కళ్ళవెంట నీళ్ళు. చివరికి మధుర్ బాబే దిగొచ్చి కలకత్తా నుంచి బట్టల మూటలు తెప్పించి, చెప్పినట్టే అందరికీ పెట్టారు. ఆ తర్వాతే కాశీ ప్రయాణం సాగింది.

నూనె దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. అన్నం, బట్ట ఎవరికైనా తోస్తాయి. తలకు నూనె కావాలని తోచాలంటే ఆ తలను దగ్గరగా చూసి ఉండాలి.

దారిలో ఇంకొకటి జరిగింది. కాశీ దగ్గర పడుతుండగా ఒక స్టేషన్లో రామకృష్ణులు, ఆయన మేనల్లుడు హృదయ్ కిందికి దిగారు. వీళ్ళు ఎక్కేలోపు రైలు కదిలిపోయింది. జమీందారు గారి పరివారమంతా ముందుకు, స్వామి ప్లాట్‌ఫారం మీద. తర్వాత రైల్వే అధికారి ఒకాయన ఇంకో రైల్లో అటు వస్తూ వీళ్ళను ఎక్కించుకుని కాశీలో దింపారు. అప్పటికి అక్కడ గంగ మీద రైలు వంతెన లేదు కాబట్టి పడవలో దాటాలి. ఆ పడవలోంచే రామకృష్ణులకు కాశీ అంతా బంగారంలా కనిపించిందట.

బస కేదార్ ఘాట్ దగ్గర. ఆ పక్కనే మన విజయనగరం రాజుల పేరుతో ఈనాటికీ ఒక ఘాట్ ఉంది. బసలో ఆయనకు మనసు నిలవలేదు. మధుర్ బాబు, ఊళ్ళోని పెద్దమనుషులు కూర్చుని ఎంత నష్టం వచ్చింది, ఏ భూమి ఎవరికి పోయింది అని మాట్లాడుకుంటుంటే విని ఏడ్చారట. అమ్మా, నన్ను ఎక్కడికి తెచ్చావు, దక్షిణేశ్వరంలోనే బాగుండేదాన్ని వదిలి ఇక్కడా అదే మాటేనా అని బాధపడ్డారు.

అలాంటప్పుడు మణికర్ణిక ఘాట్ దగ్గర తెలుగు స్వామిని చూశారు. స్వామి అప్పుడు మౌనంలో ఉన్నారు. కాలు పెడితే మాడిపోయే ఇసుక మీద హాయిగా పడుకుని ఉన్నారని రామకృష్ణులు తర్వాత తన శిష్యులకు చెప్పారు. వచ్చిన అతిథికి స్వామి చేసిన మర్యాద ఏమిటో తెలుసా? తన ముక్కుపొడుం డబ్బీ ముందుకు చాచారు. మన సిక్కోలు, విజయనగరం పల్లెల్లో అరుగు మీది ముసలాయన చేసే మర్యాదే ఇది. మాట లేదు. ఒకరిది బెంగాలీ, ఇంకొకరిది తెలుగు. మౌనం లేకపోయినా సంభాషణ ఎంతవరకు నడిచేదో.

ఒక ప్రశ్న మాత్రం రామకృష్ణులు సైగలతోనే అడిగారు. దేవుడు ఒక్కడా, అనేకులా? స్వామి కూడా సైగలతోనే బదులిచ్చారు. సమాధిలో మునిగి చూస్తే ఒక్కడే. నేను, నువ్వు, ఇది, అది అనే తెలివి ఉన్నంతకాలం అనేకం. పండితులు గ్రంథాలు రాసినదాన్ని ఇసుక మీద కూర్చుని చేతులు తిప్పి చెప్పేశారు. రామకృష్ణులు హృదయ్ వైపు తిరిగి, నిజమైన పరమహంస స్థితి అంటే ఇదీ అని చూపించారు. సాక్షాత్తు విశ్వనాథుడే ఈ శరీరంలో ఉన్నాడని ఆయన నమ్మకం. మరో రోజు పాయసం వండించి తీసుకెళ్ళి స్వామికి తన చేత్తో తినిపించారు.

రామకృష్ణుల శిష్యుడు శారదానంద స్వామి బెంగాలీలో రాసిన జీవితచరిత్రలో ఇంకో చిన్న సంగతి ఉంది. స్వామి ఆ రోజుల్లో మణికర్ణిక పక్కన స్నానాలకు ఒక ఘాట్ కట్టించే పనిలో ఉన్నారు. రామకృష్ణులు చెప్పగా హృదయ్ పార పట్టుకుని కొంత మట్టి తీసి ఆ పనిలో చెయ్యి వేశాడు. అంతే, ఒక వాక్యం. మహాత్ములిద్దరి కలయిక గురించి రాసినవాళ్ళు ఎక్కువమంది దీన్ని దాటేస్తారు. పొద్దున లేచి పార పట్టుకునే మనలాంటి చోట చదివితే దాటబుద్ధి కాదు. స్వామి దగ్గరికి వచ్చినవాళ్ళలో పూలు తెచ్చినవాళ్ళు వేలమంది ఉండొచ్చు. అక్కడ జరుగుతున్న పని చూసి, అందులో నాలుగు పారలు మట్టి ఎత్తమని తనవాడికి చెప్పిన అతిథి రామకృష్ణులు.

మళ్ళీ పేరు దగ్గరికి వస్తాను. తైలంగ అనే మాట ఉత్తరాదిలో మనవాళ్ళకు చాలాకాలంగా ఉంది. పుష్టిమార్గం స్థాపించిన వల్లభాచార్యులు తెలుగు కుటుంబంవారే. ఉత్తరాన స్థిరపడిన మనవాళ్ళలో తైలంగ్ ఇంటిపేరుగా కూడా మిగిలింది. కాశీలో ఆ పేరు పలికితే చేతులు జోడించేవారు. అదే మనవాళ్ళు కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడలెక్కి బర్మా వెళితే, అక్కడ వాళ్ళ పేరు కోరంగీ అయ్యింది. అది రేవు పేరే, కానీ వెటకారంగా పలికేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవు తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ చోట బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తీరి మనవాళ్ళు పనిలోకి రాగానే గొడవలు లేచాయి. ఎందరో తెలుగు కూలీలు ఆ రేవులో, ఆ వీధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇక్కడ మన హాలిఫాక్స్ రేవులో పీర్ 21 ఉంది కదా, 1928 నుంచి 1971 వరకు పది లక్షలమంది దాకా అక్కడే కెనడాలో అడుగుపెట్టారు. ఇప్పుడు మ్యూజియం. సెలవు రోజున వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. ఓడ దిగినవాడికి మొదట అంటుకునేది దేశం పేరే. అది గౌరవమో, తిట్టో పలికేవాడి నోటిని బట్టి ఉంటుంది.

రామకృష్ణులు 1886 ఆగస్టులో దేహం వదిలారు. తెలుగు స్వామి ఆ మరుసటి ఏడు పుష్య శుద్ధ ఏకాదశికి సమాధి చెందారు. సన్యాసుల ఆచారం ప్రకారం దేహాన్ని పెట్టెలో ఉంచి గంగలో వదిలారు. అదే 1887లో కాశీ దగ్గర గంగ మీద రైలు వంతెన కూడా తెరిచారు. యాత్రికులకు పడవ అవసరం తీరింది.

పంచగంగ ఘాట్ మెట్లు ఎక్కి సందుల్లోకి వెళితే త్రైలింగ స్వామి మఠం ఉంటుంది. లోపల ఆయన విగ్రహం, పెద్ద శివలింగం. ఇంటికి సెలవు మీద వెళ్ళినప్పుడు అమ్మానాన్నలను కాశీ తీసుకెళ్ళే మిత్రులు విశ్వనాథుడి దర్శనం అయ్యాక అటు కూడా ఒకసారి వెళ్ళండి. దారి అడగాలంటే శివరాముడి పేరు, గణపతి సరస్వతి పేరు చెప్పకండి, ఎవరికీ తెలియదు. తైలంగ స్వామి అనండి, చూపిస్తారు.