పంటి మచ్చల కథ

చక్కని పలువరుసను వర్ణింపవలసి వచ్చినపుడు మన కవులు మల్లెమొగ్గలను, దానిమ్మగింజలను, ముత్యములను తలచిరి. అట్టి పలువరుసకై మన పెద్దలు వేపపుల్లలు నమిలిరి. ఉత్తరేణి వేళ్ళతో తోమిరి. కచ్చికను, ఉప్పును, బొగ్గుపొడిని వాడిరి. నేడు ఆ కోరిక మనలను దంతవైద్యుని కుర్చీ వరకు నడిపించుచున్నది. పళ్ళు తెల్లబడుటకు ఏమి చేయవలెనని అడుగువారు పెక్కుమంది. అవి రంగు మారుటకు కారణమేమని అడుగువారు కొద్దిమంది. ఈ రెండవ ప్రశ్నను అమెరికాలో ఒక దంతవైద్యుడు ముప్పది యేండ్లపాటు విడువక అడిగెను. దానికి లభించిన సమాధానము పంటి చికిత్సతో ఆగలేదు. అది నెల్లూరు, నల్లగొండ జిల్లాల పల్లెలలో నడుములు వంగిపోయినవారి బాధకు సైతము కారణమును చూపినది. ఆ చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

రంగు మారిన పళ్ళన్నియు ఒక్క తెగకు చెందినవి కావు. కొన్ని మరకలు పంటిపై పూతవంటివి. తాంబూలము, పొగాకు, కాఫీ, తేనీరు పంటి పైభాగమున విడిచిన రంగు ఇట్టిది. దానికి గార తోడైనచో పలువరుస మరింత వికారముగా కనబడును. దంతవైద్యుడు గార తీసి మెరుగుపెట్టినచో ఇవి చాలవరకు పోవును. మరికొన్ని మరకలు పంటి లోపలివి. వయస్సు ముదిరినకొలది పైనున్న ఎనామిలు అను గట్టిపొర అరిగి పలుచనై, దాని క్రింద నుండు పసుపుపచ్చని భాగము బయటపడజొచ్చును. దెబ్బ తగిలి లోపలి నరము చచ్చిన పన్ను నల్లబడును. టెట్రాసైక్లిన్ అను ఔషధమును నిండు నెలల గర్భిణులకు గాని, ఎనిమిదేండ్ల లోపు బిడ్డలకు గాని ఇచ్చినచో, అది అప్పుడప్పుడే ఏర్పడుచున్న దంతములలో చేరి వానిని పసుపు, బూడిద, గోధుమ రంగులకు మార్చగలదు. ఇక మిగిలినది త్రాగునీటివలన వచ్చు మచ్చ. పన్ను చిగురు చీల్చుకొని బయటికి రాకమునుపే ఈ దోషము దానిలో నాటుకొని యుండును. మన కథ దీనిని గూర్చినదే.

1901వ సంవత్సరమున ఫ్రెడరిక్ మెక్కే అను యువకుడు దంతవైద్య విద్య ముగించుకొని, కొలరాడో రాష్ట్రమునందలి కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు వచ్చి చికిత్స ప్రారంభించెను. అక్కడ పుట్టి పెరిగినవారి పళ్ళపై ముదురు గోధుమరంగు మచ్చలు అతనికి కనబడెను. కొందరి పళ్ళు చాకొలెట్టు రంగున ఉండెను. ఎంత తోమినను ఆ మచ్చలు పోవు. తాను చదివిన గ్రంథములలో వీనిని గూర్చిన ప్రస్తావన అతనికి దొరకలేదు. ఊరివారిని అడుగగా, పందిమాంసము ఎక్కువగా తినుటవలన అని కొందరు, పాలు మంచివి కాకపోవుటవలన అని కొందరు, నీటిలో సున్నము ఎక్కువగుటవలన అని కొందరు చెప్పిరి. తక్కిన దంతవైద్యులకు ఈ మచ్చలు అలవాటైపోయి, వానిని గూర్చి ఆలోచించుట మానివేసిరి.

మెక్కే మానలేదు. అమెరికాలో ఆనాటి దంతవైద్యులలో అగ్రగణ్యుడైన జి. వి. బ్లాకుకు అతడు లేఖలు వ్రాసెను. బ్లాకు మొదట నమ్మలేదు. 1909లో స్వయముగా వచ్చి చూచి ఆశ్చర్యపడెను. ఆ యేడు బడిపిల్లలను పరీక్షింపగా, ఆ ఊరనే పుట్టినవారిలో నూటికి దాదాపు తొంబదిమందికి మచ్చలు కలవని తేలెను. 1915లో బ్లాకు మరణించువరకు ఆ యిరువురును కలిసి పనిచేసిరి. వారికి తెలిసిన ముఖ్యాంశములు రెండు. ఈ దోషము దంతము రూపొందు దశలోనే కలుగుచున్నది. పెద్దవారైన పిదప ఆ ఊరికి వచ్చి స్థిరపడినవారికి ఇది అంటదు. ఇది మొదటిది. చూచుటకు వికారముగా నున్నను ఈ పళ్ళు అంత సులభముగా పుచ్చిపోవు. ఇది రెండవది, అప్పటికి ఎవరికిని అర్థము కాని వింత.

అదే ఊరిలో మరియొక ప్రయత్నము సాగెను. 1916 ప్రాంతమున వాల్టర్ కేన్ అను దంతవైద్యుడు హైడ్రోక్లోరికామ్లమును, వేడిని ఉపయోగించి ఈ మచ్చలను తొలగింప మొదలిడెను. ఈ విధముగా ఒకే ఊరి నుండి రెండు దారులు బయలుదేరినవి. మచ్చను చెరిపివేయు దారి ఒకటి; దాని మూలమును వెదకు దారి మరియొకటి. రోగికి రెండును కావలసినవే. అయినను మొదటి దారి ఒక్కొక్కరి నోటిని మాత్రమే బాగుచేయగలదు. రెండవది ఇంకను పళ్ళు రాని పసిబిడ్డలను సైతము కాపాడగలదు.

మెక్కే చూపు క్రమముగా నీటివైపు మరలెను. 1923లో అతడు ఐడహో రాష్ట్రమునందలి ఓక్లీ అను ఊరికి పోయెను. కొంత దూరమున నున్న వేడినీటి ఊట నుండి గొట్టములు వేసి నీరు తెచ్చుకొన్న పిమ్మటనే తమ పిల్లలకు మచ్చలు వచ్చినవని అక్కడి తల్లిదండ్రులు చెప్పిరి. ఆ నీటిని మానుడని మెక్కే సలహా యిచ్చెను. ఊరివారు మరియొక ఊటకు మారిరి. కొన్ని యేండ్లకు ఆ ఊరి చిన్నపిల్లలకు మచ్చలేని పళ్ళు రాజొచ్చినవి. దోషము నీటిలోనే కలదని నిశ్చయమైనను, నీటిలో నున్నది ఏ పదార్థమో మాత్రము తెలియలేదు. ఆనాటి సామాన్య పరీక్షలకు అది చిక్కలేదు.

అది చిక్కినది ఒక అల్యూమినియము కంపెనీ ప్రయోగశాలలో. ఆర్కాన్సాసు రాష్ట్రమున బాక్సైటు అనునది ఆ కంపెనీ స్వంత ఊరు. అక్కడి పిల్లల పళ్ళపై మచ్చలు కలవు. అయిదు మైళ్ళ దూరమున నున్న మరియొక ఊరిలో లేవు. ఆ రోజులలో అల్యూమినియము పాత్రలు విషమని ఒక ప్రచారము వ్యాపించియుండుటచే, ఈ వార్త కంపెనీ ప్రధాన రసాయనశాస్త్రజ్ఞుడైన చర్చిలును కలవరపెట్టెను. ఆయన బాక్సైటు నీటిని వర్ణపట పద్ధతిచే సూక్ష్మముగా పరీక్షింపజేయగా ఫ్లోరైడు బయటపడెను. పదిలక్షల పాళ్ళ నీటిలో అది పదమూడు పాళ్ళకు మించియుండెను. 1931లో ఈ సంగతి లోకమునకు తెలిసెను. అదే సంవత్సరము అరిజోనాలో మార్గరెట్ కామక్ స్మిత్, ఆమె సహచరులును వేరు మార్గమున ఇదే నిర్ణయమునకు వచ్చిరి. మెక్కే తొలిసారి ఆ మచ్చలను చూచిన నాటికి ఇది ముప్పదియవ యేడు.

ఫ్లోరైడు ఈ మచ్చను ఎట్లు కలిగించుచున్నది? ఎనామిలు మన శరీరమున అన్నిటికంటె గట్టి పదార్థము. చిగురు లోపల జీవకణములు దానిని పొరలు పొరలుగా నిర్మించును. ఆ వయస్సులో ఫ్లోరైడు మితిమీరి లోపలికి పోయినచో ఆ నిర్మాణము చెడి, పైపొర క్రింద ఖనిజము తగ్గి, సన్నని రంధ్రములు మిగులును. అట్టి పన్ను సుద్దవలె తెల్లని చారలతో బయటికి వచ్చును. తరువాత నోటిలోని రంగులు ఆ రంధ్రములలో ఇంకి గోధుమవన్నెకు తిరుగును. అందువలన ఆ మచ్చ తోముటకు లొంగదు. అది మురికి కాదు. పిల్లల అశ్రద్ధ అంతకంటెను కాదు.

పిమ్మట అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖకు చెందిన ట్రెండ్లీ డీన్ పెక్కు ఊళ్ళ నీటిని, పిల్లల పళ్ళను సరిపోల్చి, లీటరు నీటిలో సుమారు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉన్నచో వికారమైన మచ్చలు రావనియు, పళ్ళు పుచ్చుట తగ్గుననియు కనుగొనెను. బ్లాకు, మెక్కేలు చూచిన వింతకు అర్థము దొరకెను. దాని ననుసరించి 1945 జనవరి 25వ తేదీన మిషిగన్ రాష్ట్రమునందలి గ్రాండ్ రాపిడ్సు నగరము తన నీటికి స్వల్పముగా ఫ్లోరైడు కలుపుట ప్రారంభించెను. అక్కడ చాలని వస్తువు మన నేలలో మితిమీరియుండుట గమనింపదగినది.

చర్చిలు పరీక్ష జరిగిన ఆరేండ్లకు, 1937లో, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందిన షార్టు, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరైడు వ్యాధిని గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. భారతదేశమున ఈ వ్యాధిని గుర్తించిన తొలి పరిశోధనలలో అది ఒకటి. ఆనాడు నెల్లూరు జిల్లాలోనివైన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు ఈ వ్యాధికి పేరుపడినవి. 1970లో అవి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి, ఆ జిల్లాయే పిదప ప్రకాశం జిల్లా అయినది. కొలరాడోలో పంటికి సంబంధించిన వికారముగా కనబడినది ఇక్కడ మరింత భయంకరముగా నుండెను. పిల్లల పళ్ళపై అవే మచ్చలు. నడివయస్సువారికి కీళ్ళనొప్పులు, మెడ తిరుగకుండుట, వెన్నెముక కొయ్యవలె బిగిసిపోవుట. ఎముకలలో ఏండ్లతరబడి పేరుకొన్న ఫ్లోరైడు వానిని మందముచేసి, కీళ్ళను బంధించు నారలను గట్టిపరచి, తుదకు నరములను నొక్కి మనుష్యుని మంచము పట్టించును. 1940లో పండిట్ మొదలైనవారు మరల పరిశోధించి, నీటికి తోడు పోషకాహార లోపము ఉన్నచోట వ్యాధి తీవ్రమగుచున్నదని చూపిరి. ఒకే బావి నీరు త్రాగినను పేదకు ఎక్కువ కీడు జరుగునని దీని అర్థము.

నల్లగొండ జిల్లాలోని పరిస్థితిని 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నలునందు వివరించెను. కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు నీరు వచ్చు పైక్స్ పీక్ కొండ గ్రానైటు రాతిది. నల్లగొండ నేల క్రిందను అట్టి రాయియే కలదు. ఆ రాతిలోని ఖనిజముల నుండి ఫ్లోరైడు భూగర్భజలములో కరగుచుండును. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరియొక విషాదమును ప్రకటించిరి. ఫ్లోరైడు గల ప్రాంతములలో చిన్నవయస్సువారికే మోకాళ్ళు లోపలికి వంగి, నడక చెడుచున్నది. ఇట్టి ఊళ్ళలో బడిపిల్లవాని పంటి మీది మచ్చ అందచందముల విషయము కాదు. ఆ బిడ్డ ఎట్టి నీటిని త్రాగి పెరిగెనో తెలుపు సాక్ష్యము అది. ఇకమీదట ఎముకలకు రాగల ఆపదను ముందుగా తెలుపు హెచ్చరిక కూడ.

ఆ హెచ్చరికకు సరియైన సమాధానము నీటిని మార్చుట, లేదా శుద్ధిచేయుట. నీటిని కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. ఆవిరియై నీరు తగ్గినకొలది దాని గాఢత హెచ్చును. బ్లీచింగు పొడి సూక్ష్మజీవులను చంపునే గాని ఫ్లోరైడును తీయదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థవారు తగు పాళ్ళలో సున్నమును, పటికను కలిపి, కలియబెట్టి, తేర్చి, పైనీటిని వంచుకొను పద్ధతిని రూపొందించిరి. దానికి లోకమంతట నల్లగొండ పద్ధతి అని పేరు. ఒక జిల్లా బాధ పేరే దాని నివారణోపాయమునకు పేరైనది. దూరము నుండి నదీజలమును తెచ్చుట మరియొక ఉపాయము. 2016లో తెలంగాణమున ప్రారంభమైన మిషన్ భగీరథ ఉద్దేశము అదియే. మన దేశ ప్రమాణము ననుసరించి లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రామునకు మించరాదు. వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు అనుమతింతురు.

ఇక కేన్ ప్రారంభించిన మొదటి దారి ఏమైనదో చూతము. నెల్లూరు వ్యాసము వెలువడిన 1937లోనే అమెరికాలో ఏమ్స్ అను నతడు హైడ్రోజన్ పెరాక్సైడు, ఈథరు కలిపి వేడితో ఈ మచ్చలను తొలగించు విధమును ప్రకటించెను. 1960 తరువాతి దశాబ్దమున ఆర్కాన్సాసులో క్లూస్మియర్ అను దంతవైద్యుడు చిగుళ్ళ బాధకై కార్బమైడ్ పెరాక్సైడు గల మందును రాత్రివేళ పంటి తొడుగులో ఉంచుకొమ్మని చెప్పగా, చిగుళ్ళతోబాటు పళ్ళును తెల్లబడెను. 1989లో హేవుడ్, హైమన్ అనువారు ఈ పద్ధతిని శాస్త్రీయముగా వివరించిన తరువాత అది లోకమంతట వ్యాపించెను. పెరాక్సైడు ఎనామిలులోనికి ఇంకి, రంగుగల అణువులను విడగొట్టి వెలిసిపోవునట్లు చేయును. వైద్యశాలలో గాఢమైన ద్రావణమును చిగుళ్ళకు రక్షణ కల్పించి గంటసేపు ఉపయోగింతురు. ఇంటివద్ద పలుచనిదానిని తొడుగులో నుంచి కొన్ని వారములు వాడింతురు. పైపైన నుండు ఫ్లోరైడు మచ్చలకు ఆమ్లము, సన్నని గరకుపొడి కలిపి లేశమాత్రముగా రుద్ది తీయు పద్ధతిని 1986లో క్రోల్, కావనా వివరించిరి. లోతైన మచ్చలకు పింగాణి రేకులను పంటిముందు అతుకుదురు.

వీనికి హద్దులు కలవు. కొన్నాళ్ళు పళ్ళు జివ్వుమనుట సామాన్యము. సిమెంటు నింపిన పళ్ళు, కట్టుడుపళ్ళు తెల్లబడవు. పుచ్చిన పళ్ళను, చిగుళ్ళ జబ్బును ముందుగా నయము చేసికొనవలెను. నిమ్మరసముతోను, గరుకైన బొగ్గుతోను ఇంట రుద్దుకొన్నచో ఎనామిలు అరిగి, క్రిందనున్న పసుపు మరింత బయటపడును. ఒకసారి పోయిన ఎనామిలు తిరిగి రాదు. అన్నిటికంటె ముఖ్యమైన హద్దు వేరొకటి. ఈ చికిత్సలలో ఏదియు ఎముకలలో చేరిన ఫ్లోరైడును తీయలేదు. అదే నీరు త్రాగుచున్న తమ్ముని పంటికి మచ్చ రాకుండ చేయలేదు.

కావున పలువరుస తెల్లగా నుండవలెనని కోరుట తప్పు కాదు. మచ్చపళ్ళ వలన నోరు విప్పి నవ్వుటకు సిగ్గుపడు యువతీయువకులకు చికిత్స నిజమైన ఉపకారము. అయితే క్రమము తప్పరాదు. మరక ఏ తెగదో వైద్యునిచే ముందు తెలిసికొనవలెను. ఒక ఇంటి బిడ్డలందరకును, లేదా ఒక వీధి పిల్లలందరకును, ఒకే విధమైన సుద్దచారలు, గోధుమమచ్చలు కనబడినచో వారిని సరిగా తోముకొనలేదని గద్దింపక, ఆ బావి నీటిని గాని, బోరునీటిని గాని పరీక్షకు పంపవలెను. పళ్ళు ఏర్పడు మొదటి ఎనిమిదేండ్లు మంచినీరు త్రాగిన బిడ్డకు ఈ మచ్చలను తీయించుకొను అవసరమే కలుగదు.