కంప్యూటర్ ఆన్ అవ్వకపోతే ఫార్మాటేనా? బూట్ ఎర్రర్ల వెనక 50 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ మా ఇంటి కథతో మొదలుపెడతా.

నేను ఏడో క్లాస్‌లో ఉన్నప్పుడు మా ఇంట్లో ఒక అసెంబుల్డ్ పీసీ ఉండేది, విండోస్ ఎక్స్‌పీ. ఒకరోజు ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద తెల్లక్షరాలు: "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్". నాన్న షాపతన్ని పిలిపించారు. ఆయన స్క్రీన్ చూసి ఒకటే మాట: "ఓఎస్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి." కొట్టేశారు. అక్క పెళ్లి ఫొటోలు డెస్క్‌టాప్ మీదే ఉండేవి, అన్నీ పోయాయి. తీరా రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే మెసేజ్! అప్పుడు చూస్తే సీపీయూ వెనకాల ఒక పెన్‌డ్రైవ్ పెట్టి ఉంది. అది తీశాం, విండోస్ వచ్చేసింది. అంటే మొదట్నుంచీ సిస్టమ్ బాగానే ఉంది.

ఆ మెసేజ్ అసలు ఏం చెప్పిందో అర్థం కావాలంటే 1975కి వెళ్లాలి.

అప్పట్లో ఆల్టెయిర్ 8800 అని ఒక కంప్యూటర్. కీబోర్డ్ లేదు, స్క్రీన్ లేదు, ముందు వైపు స్విచ్‌లు, లైట్లు మాత్రమే. ఆన్ చేస్తే దానికి ఏమీ తెలీదు. టేప్ మీద ప్రోగ్రామ్ ఉన్నా, ఆ టేప్‌ని ఎలా చదవాలో చెప్పడానికి ఇంకో చిన్న ప్రోగ్రామ్ కావాలి. దాన్నే బూట్‌స్ట్రాప్ లోడర్ అంటారు. బూటుకి వెనకాల ఉండే పట్టీ పట్టుకుని తనని తానే పైకి లేపుకోవడం అని ఆ పేరుకి అర్థం. మనం రోజూ అనే "బూట్" అక్కణ్ణుంచే వచ్చింది.

బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ఈ ఆల్టెయిర్ కోసం బేసిక్ రాశారు. ఆలెన్ దాని టేప్ పట్టుకుని డెమోకి ఆల్బుకర్కీ ఫ్లైట్ ఎక్కాడు. మధ్యలో గుర్తొచ్చింది, లోడర్ రాయలేదని! ఫ్లైట్‌లోనే, ఆల్టెయిర్‌ని ఒక్కసారి కూడా ముట్టుకోకుండానే, మెషిన్ కోడ్‌లో రాసేశాడు. డెమోలో ఆ కోడ్‌ని స్విచ్‌లతో ఒక్కో బైట్ ఎక్కించాడు. టేప్ లోడ్ అయింది, బేసిక్ నడిచింది. మన సెమిస్టర్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్ టెన్షన్ దీని ముందు ఎంత చెప్పండి!

1981లో ఐబీఎం పీసీ వచ్చాక ఆ మొదటి అడుగు చిప్‌లోనే పెట్టేశారు. దాని పేరే బయోస్. ఆన్ అవ్వగానే ముందు మెమరీ, కీబోర్డ్ చెక్ చేస్తుంది. తేడా ఉంటే నంబర్ చూపిస్తుంది, 301 అంటే కీబోర్డ్ ప్రాబ్లమ్. మరి డిస్‌ప్లే కార్డే పాడైతే ఎక్కడ చూపిస్తుంది? అందుకే బీప్‌లు పెట్టారు. ఒక చిన్న బీప్ అంటే అంతా ఓకే. ఒకటి పొడుగు, రెండు పొట్టి అంటే డిస్‌ప్లే తేడా.

చెకింగ్ అయ్యాక బయోస్ డిస్క్‌లో మొదటి 512 బైట్లు చదివి, వాటికి కంట్రోల్ ఇచ్చేసి తప్పుకుంటుంది. ఆ 512 బైట్లకి తర్వాతి ఫైల్ ఎక్కడుందో తెలిస్తే చాలు. రిలే రేస్ లాంటిదన్నమాట. ఎర్రర్ మెసేజ్ అంటే బ్యాటన్ ఎక్కడ జారిందో చెప్పడం. మా పీసీలో బయోస్ హార్డ్‌డిస్క్ కంటే ముందు పెన్‌డ్రైవ్ దగ్గరికి వెళ్లింది. అక్కడి 512 బైట్లు ఎన్‌టీఎల్‌డీఆర్ ఫైల్ కోసం వెతికాయి, దొరకలేదు, అదే చెప్పాయి. పాపం అవి నిజమే చెప్పాయి, మేమే తప్పుగా విన్నాం. ఫ్లాపీల కాలంలో కూడా ఇదే గోల. డ్రైవ్‌లో ఫ్లాపీ మర్చిపోతే "నాన్ సిస్టమ్ డిస్క్" అని వచ్చేది. 1986లో లాహోర్ అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ వైరస్ కూడా ఫ్లాపీలో సరిగ్గా ఈ బూట్ సెక్టర్‌లోనే కూర్చుంది.

ఇవన్నీ పాత కథలు అనుకోకండి. 2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి ఒక తప్పుడు అప్‌డేట్ వెళ్లింది. 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు. కానీ మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు దెబ్బతిన్నాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫొటో మీరూ చూసే ఉంటారు.

వెనక్కి తీసుకున్నాక కూడా ఎందుకు బాగవ్వలేదు? ఆ సాఫ్ట్‌వేర్ డ్రైవర్ బూట్ అయ్యేటప్పుడే, చాలా ముందుగా లోడ్ అవుతుంది. సిస్టమ్ లేస్తుంది, నెట్‌కి కనెక్ట్ అయ్యేలోపే క్రాష్, మళ్లీ లేస్తుంది, మళ్లీ క్రాష్. కొత్త ఫైల్ దిగడానికి టైమే ఉండదు. అందుకే చాలాచోట్ల ఐటీ వాళ్లు ఒక్కో మెషిన్ దగ్గరికి నడిచి వెళ్లి, సేఫ్ మోడ్‌లోకి దించి, పేరులో 291 ఉన్న ఆ ఒక్క ఫైల్ డిలీట్ చేశారు. సేఫ్ మోడ్ తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే లేస్తుంది కాబట్టి అది కుదిరింది. బిట్‌లాకర్ ఉన్నచోట అంతకుముందు 48 అంకెల రికవరీ కీ కూడా కొట్టాలి. ఇంత గోలలోనూ ఆ పని కోసం ఎవరి డేటా ఫార్మాట్ చెయ్యాల్సిన పని లేదు, చూడండి.

మీ ఫోన్‌లోనూ ఇదే రిలే నడుస్తుంది: చిప్, బూట్‌లోడర్, కెర్నల్, ఆండ్రాయిడ్. లోగో వచ్చి ఆగిపోయిందంటే బూట్‌లోడర్ దాకా బ్యాటన్ అందినట్టే. రికవరీ మెనూ ఓపెన్ అయితే ముందు "రీబూట్ సిస్టమ్" నొక్కండి, కుదిరితే సేఫ్ మోడ్ ట్రై చెయ్యండి. "వైప్ డేటా" అని ఉన్న ఆప్షన్ మాత్రం చిట్టచివరికి. షాప్‌లో ఎవరైనా ఫార్మాట్ అంటే, "అన్నా, ఏ మెసేజ్ వచ్చింది, దేంట్లోంచి బూట్ అవుతోంది?" అని ఒక్కసారి అడగండి. మేం ఆ రోజు అది అడగలేదు.