లైన్లో నిలబడలేనివాళ్లు

విజయనగరం జిల్లా రాజాంకు రైల్వేస్టేషన్ లేదు. పిల్లలకు విశాఖ బీచ్ చూపించాలన్నా, హైదరాబాద్ వెళ్లి రామోజీ ఫిల్మ్‌సిటీ తిప్పి తేవాలన్నా, తిరుపతి మొక్కు చెల్లించుకోవాలన్నా ముందు ఆర్టీసీ కాంప్లెక్సుకు చేరాలి. లేదంటే ఆటో మాట్లాడుకుని చీపురుపల్లి వెళ్లి రైలెక్కాలి. కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. పోలియో వచ్చిన కాలితో నడిచేవాళ్లకు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లకు, గోల భరించలేని ఆటిజం పిల్లలకు మాత్రం సరదా ప్రయాణంలో మొదటి పరీక్ష బస్సు మెట్ల దగ్గరే ఎదురవుతుంది. అది దాటి, టికెట్టు కౌంటరూ దాటి లోపలికి వెళ్లాక అసలు పరీక్ష మొదలవుతుంది. అదే లైను.

వినోదం ఉన్నచోట జనం ఉంటారు, జనం ఉన్నచోట లైనుంటుంది. ఎండలో గంటసేపు నిలబడే ఓపిక అందరికీ ఉంటుందన్న నమ్మకం మీదే అది నడుస్తుంది. ఆ ఓపిక లేనివాళ్లను ఏం చేయాలన్న ప్రశ్న అమెరికా థీమ్ పార్కుల్లో కోర్టుదాకా వెళ్లింది. అదే ప్రశ్నకు తిరుమల కొండ మీద మరో రకం జవాబు దొరికింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, రాజాం తీర్థంలో జైంట్ వీల్ దగ్గర ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

ఆ రెండింటికన్నా ముందు, ఇదే ప్రశ్న ఎదురయ్యే విమానాశ్రయం సంగతి.  అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లే తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది టికెట్టుతోపాటే వీల్‌చైరూ పెట్టించుకుంటారు. ఇంట్లో చక్కగా నడిచే మనిషికి వీల్‌చైర్ ఎందుకని కొందరు నొసలు చిట్లిస్తారు. మోకాళ్ల నొప్పులుంటాయి, భాష రాదు, దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారాలి, ఏ గేటు ఎటుందో తెలియదు. తోడుగా వచ్చే మనిషి కోసమే చాలామంది ఆ కుర్చీ అడుగుతారు. ఆ అవసరం నిజమైనదే. దాన్ని తీర్చే ఏర్పాటు విడిగా లేకపోవడంతో అందరూ ఒకే కుర్చీ కోసం అడగాల్సి వస్తోంది.

ఆ కుర్చీ దొరక్కపోతే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో ముంబయిలో కనిపించింది. న్యూయార్క్ నుంచి వచ్చిన వృద్ధ దంపతులకు ఒకే వీల్‌చైర్ అందింది. భార్యను అందులో కూర్చోబెట్టి పక్కనే నడుస్తూ వచ్చిన 80 ఏళ్ల పెద్దాయన కుప్పకూలి చనిపోయారు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎయిర్ ఇండియాకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది.

డిస్నీ కథ కూడా ఇలాంటి రద్దీలోంచే పుట్టింది. కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ 1955లో తెరుచుకునేనాటికి దివ్యాంగుల ప్రవేశం గురించి అడిగే చట్టమేదీ అక్కడ లేదు. అమెరికా దివ్యాంగుల చట్టం 1990 జులై 26న సంతకమయ్యాకే దేశమంతటా ప్రైవేటు వినోద స్థలాలూ ఆ బాధ్యత తలకెత్తుకోవాల్సి వచ్చింది. డిస్నీ పార్కులు గెస్ట్ అసిస్టెన్స్ కార్డు పేరుతో ఒక ఏర్పాటు చేశాయి. అది చూపించినవాళ్లు, వారి కుటుంబం చాలా రైడ్లకు పక్కదారిలో వెళ్లిపోవచ్చు.

2013 మే నెలలో న్యూయార్క్ పోస్ట్ ఒక వార్త వేసింది. న్యూయార్క్ సంపన్న కుటుంబాలు కొన్ని గంటకు 130 డాలర్లు, రోజుకు 1,040 డాలర్లు ఇచ్చి దివ్యాంగులను గైడ్లుగా కుదుర్చుకుని, వాళ్లను ముందుపెట్టి డిస్నీ వరల్డ్‌లో లైను తప్పించుకుంటున్నాయని అందులో రాశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 9న డిస్నీ పాత కార్డును ఎత్తేసి, డిజేబిలిటీ యాక్సెస్ సర్వీస్ తెచ్చింది. అందరూ దాన్ని డాస్ అంటారు.

డాస్‌లో ఉన్న ఆలోచన గట్టిది. రైడ్ దగ్గర లైను గంట ఉందనుకుంటే, డాస్ ఉన్నవాళ్లకు గంట తర్వాత రమ్మని ఒక సమయం ఇస్తారు. ఆ గంటా నీడలోనో, గోల లేనిచోటో, బాత్రూమ్‌కు దగ్గర్లోనో గడపొచ్చు. నిరీక్షణ అందరికీ సమానమే, దాన్ని ఎక్కడ గడపాలన్నది మాత్రం వాళ్ల ఇష్టం. ఇంకో విశేషం, డాక్టరు సర్టిఫికెట్ అడగరు. లైన్లో నిలబడితే ఏమవుతుందో చెప్పమంటారు. మనకు ఇది వింతగా అనిపించవచ్చు గానీ, అడగాల్సిన ప్రశ్న అదే.

అయినా గొడవలు ఆగలేదు. ఒకే దారిలో, ఒకే వరుసలో, ఒకే క్రమంలో రైడ్లు ఎక్కితేనే స్థిమితంగా ఉండే ఆటిజం యువకుడికి మళ్లీ రమ్మనే సమయాలు పనికిరావని ఒక కుటుంబం దావా వేసింది. 2020లో కోర్టు డిస్నీకి అనుకూలంగా తీర్పు చెప్పింది. డాస్ వాడేవారు అయిదేళ్లలో మూడింతలు దాటారని చెబుతూ, 2024 వేసవి నుంచి డిస్నీ దాన్ని బాగా కుదించింది. ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవారికే ఇప్పుడు డాస్ వర్తిస్తుంది. అప్పటిదాకా వాడుకున్న క్యాన్సర్ రోగులు, పేగుల వ్యాధులున్నవారు, నిలబడితే కళ్లు తిరిగే జబ్బులున్నవారు చాలామంది దూరమయ్యారు. కొందరు చేసిన మోసానికి కనిపించని జబ్బులున్నవాళ్లు మూల్యం చెల్లించారు. అన్యాయమే ఇది, వ్యాపార లెక్కల్లో ఎంత సబబుగా కనిపించినా సరే.

ఇక తిరుమల. దానికి థీమ్ పార్కుతో పోలిక పెట్టడం భక్తులకు కష్టంగా ఉండవచ్చు, ఇక్కడ పోల్చుతున్నది జనాన్ని నడిపించే పద్ధతినే. కొండకు బండి దారి లేని రోజుల్లో నడవలేని భక్తుడికి డోలీయే దిక్కు. కర్రకు కట్టిన కుర్చీనో గుడ్డ ఊయలనో భుజాన వేసుకుని బోయీలు మెట్లెక్కేవారు. డబ్బున్నవాడికే ఆ సౌకర్యం. 1944లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య ప్రణాళికతో మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకున్నాక, 1974లో రెండోది వచ్చాక కొండెక్కడం అందరికీ సులువైంది. దాంతో కష్టం కొండ మీదికి మారింది. దారి సులువయ్యేకొద్దీ జనం పెరిగారు, జనం పెరిగేకొద్దీ క్యూ కాంప్లెక్సులు వెలిశాయి.

టీటీడీ 65 ఏళ్లు దాటినవాళ్లకూ, దివ్యాంగులకూ విడిగా ఉచిత దర్శన సమయం పెట్టింది. ఏడాదిలోపు పసిపిల్లలున్న తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక దారి ఉంది. వేళలూ కోటాలూ బుకింగ్ పద్ధతులూ చాలాసార్లు మారాయి. వాటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ ప్రత్యేక దర్శనానికి అర్హుల జాబితాలో వృద్ధులు, దివ్యాంగులతోపాటు గుండెకు శస్త్రచికిత్స అయినవారు, మూత్రపిండాలు విఫలమైనవారు, క్యాన్సర్, పక్షవాతం, ఆస్తమా రోగులూ ఉన్నారు. డిస్నీ 2024లో ఎవరిని బయటపెట్టిందో, ఇంచుమించు వాళ్లనే తిరుమల లోపలికి తీసుకుంది. వైద్య పత్రం అడుగుతారు, నిజమే. ఎవరు నిలబడలేరన్న ప్రశ్నకు మాత్రం కొండ మీద ఇచ్చిన జవాబే విశాలంగా ఉంది.

ఉత్తరాంధ్రకు ఈ జాబితా ఎందుకు ముఖ్యమో ఉద్దానం పేరు చెబితే చాలు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్లుగా ఇల్లిల్లూ తొలుస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. డయాలసిస్ మీద ఉన్న మనిషి వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మంచం మీద గడపాలి. మిగిలిన రోజుల్లో నీరసం. తాగే నీటికీ కొలతే. అలాంటి మనిషి మనవడితో పార్కుకు వెళ్తే రెండు గంటలు లైన్లో నిలబడగలడా? నిలబడలేడు. అయినా అతడికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉండదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కిడ్నీ జబ్బు లేదు. తిరుమలలో దొరికిన వెసులుబాటు అతడికి వినోద పార్కు గేటు దగ్గర దొరకదు.

ఆ 21లో సికిల్ సెల్ రక్తహీనత ఉంది. 1995 నాటి చట్టంలో ఉన్నవి ఏడే, అందులో ఇది లేదు, ఆటిజమూ లేదు. రాజాం నుంచి పాలకొండ దాటితే సీతంపేట ఏజెన్సీ. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బున్న పిల్లవాడిని చూస్తే మామూలుగానే ఉంటాడు, ఆడుకుంటాడు. ఒంట్లో నీరు తగ్గితే, విపరీతంగా అలసిపోతే, చన్నీళ్లలో ఎక్కువసేపు ఉంటే రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్నటి నాళాలకు అడ్డుపడతాయి. ఆ నొప్పి పెద్దవాళ్లనే మెలితిప్పేస్తుంది. ఎండలో లైను, ఆపైన చల్లటి నీళ్ల రైడు, ఈ రెండూ అతడికి ప్రమాదమే. సర్టిఫికెట్ మీద ఎంత శాతం రాసి ఉందో చూసే గేటు కాపలాదారుకు ఇదేదీ తెలియదు. ఈ అవసరాలను శాతాలతో కొలవడం కుదరదు.

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో గోర్డన్ హార్ట్‌మన్ అనే గృహనిర్మాణ వ్యాపారి ఈ సమస్యను తలకిందులు చేసి చూశారు. ఈతకొలనులో ఇతర పిల్లలతో ఆడుకోబోయిన తన కూతురు మోర్గాన్‌ను చూసి ఆ పిల్లలు తప్పుకోవడం ఆయన మనసులో నాటుకుంది. 2010లో మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ తెరిచారు. దివ్యాంగులకు టికెట్టు లేదు. వీల్‌చైర్‌తో సహా రంగులరాట్నం ఎక్కవచ్చు. 2017లో పక్కనే నీళ్ల పార్కు కట్టారు. అక్కడ నీటిని వెచ్చబెట్టే ఏర్పాటుంది, బ్యాటరీ బదులు గాలి ఒత్తిడితో నడిచే వీల్‌చైర్లున్నాయి, అవి తడిసినా పాడవవు. ప్రత్యేక లైను గురించి ఆలోచించే ముందు రైడ్ గురించే ఆలోచించిన పార్కు అది.

మన దగ్గర చట్టం ఆ మాటే చెబుతోంది. 2016 చట్టం 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితంలోనూ వినోదంలోనూ దివ్యాంగుల సమాన భాగస్వామ్యాన్ని ప్రభుత్వ బాధ్యత చేసింది. దాని అమలు మాత్రం చాలాకాలం సలహాల స్థాయిలోనే నిలిచిపోయింది. చూపులేని రాజీవ్ రాతూరి 2005లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యంలో 2017లో ఆదేశాలు వచ్చాయి. అవి క్షేత్రంలో ఎంతవరకు అమలయ్యాయో పరిశీలించే పనిని 2023లో కోర్టు హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగ అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదిక చూశాక 2024 నవంబరు 8న కోర్టు తేల్చిచెప్పింది: ప్రవేశ ప్రమాణాలు కేవలం మార్గదర్శకాలుగా ఉంటే చాలదు, తప్పనిసరిగా పాటించాల్సిన నిబంధనలు చేయాలి. ఒక తెలుగు నగరంలో తయారైన నివేదిక దేశమంతటి ర్యాంపుల భవిష్యత్తును మార్చే తీర్పుకు ఆధారమైంది. దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

రాజాం వాళ్లకు దగ్గర్లో ఉన్న పెద్ద విహారస్థలం విశాఖ, సుమారు వంద కిలోమీటర్లు. అక్కడి బీచ్ రోడ్డులో స్మార్ట్ సిటీ పథకం కింద నగరపాలక సంస్థ కట్టిన ఆల్ ఎబిలిటీస్ పార్కులో దివ్యాంగ పిల్లలూ ఇతర పిల్లలూ కలిసి ఆడుకునే ఏర్పాట్లు చేశారు. అదే రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియం పరిస్థితి వేరు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియమైన ఆ ఉక్కు గొట్టంలోకి మెట్లెక్కి వెళ్లాలి, గదికీ గదికీ మధ్య ఇరుకైన ద్వారాల్లోంచి వంగి దూరాలి. వీల్‌చైర్ అందులో తిరగదు. యుద్ధం కోసం కట్టినదాన్ని కోసి వెడల్పు చేయమనడం సబబు కాదు. లోపలి గదులన్నీ బయట ఒక తెర మీద చూపించి, గైడు చెప్పే కథను అక్కడా వినిపించడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. మార్చలేనివి కొన్ని ఉంటాయి. వాటిని సాకుగా చూపి, మార్చగలిగినవి వదిలేయడమే తప్పు.

మార్చగలిగినవి రాజాంలోనే ఉన్నాయి. ఏటా పోలిపల్లి పైడితల్లి తీర్థానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొస్తాయి. జైంట్ వీల్, కొలంబస్, పిల్లల రైలు, రంగులరాట్నం అన్నీ దిగుతాయి. వాటిని నడిపేవాళ్లకు మనిషిని బట్టి చక్రం ఆపడం కొత్త కాదు, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి కోసం ఆపుతూనే ఉంటారు. ఇంకొంచెం చాలు. ఎక్కే తిన్నె అడుగు ఎత్తుంటే పన్నెండడుగుల పొడవున వాలు బల్ల వేయాలి, ప్రమాణం ప్రకారం ఒకటికి పన్నెండు. నిలబడలేనివాళ్లకు టికెట్టు మీద ఒక వేళ రాసిచ్చి, అందాకా నీడలో కూర్చోబెట్టాలి. మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు ఒక గంట మైకులు తగ్గిస్తే ఆటిజం పిల్లలూ వస్తారు. స్థలం అద్దెకిచ్చేటప్పుడే కాగితం మీద ఈ మూడు షరతులూ రాయించుకునే అధికారం స్థానిక అధికారులకూ నిర్వాహకులకూ ఉంది. రాజాం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది కాబట్టి, అర్జీ ఇచ్చేవాళ్లు పట్టుకెళ్లాల్సింది విజయనగరం కలెక్టరేట్‌కు.