థెస్సలొనీకీ నగరము

గ్రీసుదేశమందలి థెస్సలొనీకీకిఁ బోవు యాత్రికులు రోటుండాను దప్పక చూతురు. నాలుగవ శతాబ్దారంభమున రోమకులు కట్టిన యీ గుండ్రని మందిరము క్రమముగా క్రైస్తవాలయమై, పిదప మసీదై, 1912 తరువాత మరల క్రైస్తవాలయమైనది. అచ్చటినుండి మిట్ట నెక్కినచో 1917వ సంవత్సరపు మహాగ్నినుండి తప్పించుకొనిన పాతపేట యగు 'ఆనో పోలి' కానవచ్చును. దిగువ వీథులలో బుగాత్స యను భక్ష్యము నమ్ముదురు. పలుచని పిండిపొరలనడుమఁ బాలును రవ్వయుఁ గలిపి వండిన తీపిముద్ద నుంచి దానిని గాల్చుదురు. 1923లో ఆసియా మైనరునుండి వచ్చిన కాందిశీకులు దాని కచ్చటఁ బ్రసిద్ధి గలిగించిరి.

అయితే 1492లో స్పెయినునుండి వెడలఁగొట్టఁబడి యీ నగరము నాశ్రయించిన యూదుల జాడను మాత్రము వెదకవలసియున్నది. 1943లో నాజీలు 40,000 మందికి మించిన యూదులను ఔష్విట్జునకుఁ గొనిపోయిరి. వారిలోఁ బెక్కురు చంపఁబడిరి. వారి పాత శ్మశానభూమిపై నేఁడు విశ్వవిద్యాలయమున్నది. రాతికట్టడములను మెచ్చుకొని, వాని నీడను బ్రదికినవారి గతి నడుగక మరలుట నగరమును సగము చూచుటయే.