సైకిల్ షజరా

కాలిఫోర్నియాలో ఉంటున్న తమ్ముడు వాట్సాప్‌లో ఒక పాత సైకిల్ ఫోటోలు పంపాడు. పక్కింటి పెద్దావిడ పోయిన భర్తదట. యాభై డాలర్లకు ఇచ్చేస్తానందట.

"భాయిజాన్, కొని రంగేయించనా?"

"ఖబర్దార్! రంగు ముట్టుకోకు" అన్నాను.

దాని మీద స్టంప్‌జంపర్ అని ఉంది. మనుషులకున్నట్టే ఆ పేరుకూ షజరా ఉంది. 1976లో శాన్‌ఫ్రాన్సిస్కో అవతల మెరిన్ కౌంటీ కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లతో కొండ దిగే రీప్యాక్ పందెం మొదలుపెట్టారు. దిగేసరికి వెనక హబ్బులో గ్రీజు కాలిపోయేది, మళ్లీ నింపాల్సివచ్చేది. ఆ పేరు అలా వచ్చిందే. 1977లో జో బ్రీజ్ కొండల కోసమే ఫ్రేమ్ తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ను జపాన్‌లో చేయించి బజారుకు తెచ్చింది.

పేరొక్కటే సబూత్ కాదు, అది ఇప్పటికీ నడుస్తున్న పేరే. షిమనో భాగాల మీద రెండక్షరాల ముద్ర చూడమన్నాను. ఎల్ అంటే 1987, పక్కన సి ఉంటే మార్చి. అది ఆ భాగం తయారైన తేదీ, సైకిల్‌ది కాదు. నాలుగైదు భాగాలు ఒకే మాట చెబితేనే గవాహీ నిలుస్తుంది. ఇక ఖీమత్ తేల్చాలంటే అడిగే ధర కాదు, అమ్ముడైన ధర చూడాలి. అసలు రంగు, అసలు భాగాలు ఉంటేనే ఖదర్.

ముద్రలన్నీ 1987వే. యాభై కన్నా చాలా ఎక్కువే పలుకుతుందని తమ్ముడు ఖుషీ.

"ముందు ఆమెకు చెప్పు" అన్నాను. ఫోన్లో కాసేపు ఖామోషీ. తెలిసిన ఖీమత్ దాచి కొంటే అది సౌదా కాదు, దగా.

మర్నాడు చెప్పాడు. ఆమె అమ్మడం మానుకుంది. తమ్ముడు టైర్లకు గాలి కొట్టి ఇచ్చి వచ్చాడు.