వర్జీనియా పొగాకులో పేనుబంక: నిఘా, నివారణ

రాజమహేంద్రవరం: గోదావరి జిల్లాల మెట్ట ప్రాంతంలోని దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం తేలిక నేలలలో సాగవుతున్న వర్జీనియా పొగాకును ఆశించే రసం పీల్చు పురుగులలో పేనుబంక ముఖ్యమైనది. మైజస్ పెర్సికే అనే ఇదే జాతి ఆస్ట్రేలియా వంటి దేశాలలో కనోలా పైరుకు కూడా బెడద. రాజమహేంద్రవరంలో 1947లో ఏర్పాటైన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ (ఇటీవల జాతీయ వాణిజ్య వ్యవసాయ పరిశోధన సంస్థగా పేరు మారింది) ఈ పురుగుపై పరిశోధనలు జరిపింది. పేనుబంకను తట్టుకొనే నికోటియానా గాస్సీ అనే అడవి జాతితో సంకరాలు రూపొందించే ప్రయత్నం వాటిలో ఒకటి.

అక్టోబరు, నవంబరు మాసాలలో నాటిన తోటలకు చలికాలంలో రెక్కల పురుగులు ఎగిరివచ్చి చేరుతాయి. ఆడ పురుగులు మగవాటితో కలయిక లేకుండానే పిల్లలను పెడతాయి. కనుక కొద్ది రోజులలోనే లేత ఆకుల అడుగుభాగం పురుగులతో నిండిపోతుంది. అవి విసర్జించే తీపి జిగురుపై నల్లని మసి బూజు పెరుగుతుంది. అట్టి ఆకు బ్యారన్‌లో క్యూరింగ్ చేసినా రంగు తేలదు, వేలంలో తక్కువ గ్రేడుకు పోతుంది. వైరస్ తెగుళ్ల వ్యాప్తి దీనికి అదనం.

మందు పిచికారీలో అసలు చిక్కు సమయానిదే. పొగాకును అడుగు నుండి పైకి, రెండు మూడు ఆకుల చొప్పున విడతలుగా రెలుస్తారు. రెలుపులు మొదలైన పిదప పైఆకులపై కొట్టిన మందు త్వరలో కోతకు వచ్చే ఆకులపై కూడా పడుతుంది. విదేశీ కొనుగోలుదారులు మందు అవశేషాలను పరీక్షిస్తారు గనుక ఆ నష్టం పురుగు చేసిన నష్టాన్ని మించవచ్చు.

అందువలన రెలుపులకు ముందే నిఘా అవసరం. పసుపు రంగు జిగురు అట్టలు రెక్కల పురుగుల రాకను తెలియజేస్తాయి. అయితే వాటిని మాత్రమే నమ్మరాదు. తోట గట్ల వెంబడి, నడుమన మొక్కల మొవ్వు ఆకులను తిప్పి చూడాలి. పురుగు తొలుత అక్కడక్కడ గుంపులుగా ఉంటుంది. ఆ దశలో ఆయా మొక్కలకే సిఫారసు చేసిన మందు కొడితే సరిపోతుంది. తోటంతా పిచికారీ చేస్తే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు వంటి మిత్ర పురుగులు నశిస్తాయి.

నత్రజని మోతాదు మించితే ఉధృతి పెరుగుతుంది. సకాలంలో తలలు త్రుంచి, పిలకలు తీసివేస్తే పురుగుకు లేత మేత దొరకదు. ఒకే వర్గం మందును పదేపదే వాడరాదు. ఆస్ట్రేలియా కనోలా పొలాలలో ఈ పురుగు ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్, సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులకు నిరోధకశక్తి పొందినట్లు నమోదైంది.