పసిబిడ్డల ఊలు దుస్తులు: నమూనాను బిడ్డ కొలతకు మార్చుకొనే విధానం

హిందూపురం, మడకశిర, కుప్పం, బాగేపల్లి, గౌరిబిదనూరు ప్రాంతాల నుండి కాన్పు నిమిత్తం బెంగళూరుకు వెళ్ళే కుటుంబాలు అనేకం. 1935లో ప్రారంభమైన వాణీవిలాస్ ఆసుపత్రి మొదలుకొని అక్కడి ప్రసూతి ఆసుపత్రులలో తెలుగు మాట వినిపించని రోజు ఉండదు. సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న ఆ నగరంలో డిసెంబరు, జనవరి మాసాల వేకువన చలి 15, 16 డిగ్రీల దాకా దిగడం సాధారణం. అందుచేత కాన్పుకు ముందే అమ్మమ్మలు, జేజమ్మలు ఊలు ఉండలు తెచ్చి స్వెటరు, టోపీ అల్లి ఉంచుతారు. అయితే పుస్తకాలలో లభించే నమూనాలు ఎక్కువగా ఆరు నెలల బిడ్డకో, ఏడాది బిడ్డకో ఉద్దేశించినవి. పుట్టిన బిడ్డ రెండు కిలోలే ఉంటే ఆ టోపీ కళ్ళ మీదికి, ముక్కు మీదికి జారుతుంది.

కొలత ఎందుకు ముఖ్యం?

నవజాత శిశువు శరీర ఉష్ణోగ్రత 36.5 నుండి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. 36.5 కంటె తగ్గితే బిడ్డ చల్లబడుతున్నట్లు లెక్క. రెండున్నర కిలోల కంటె తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు చర్మం కింద కొవ్వు తక్కువ గనుక వేడి త్వరగా పోతుంది. శరీరంతో పోలిస్తే తల పెద్దది గనుక తల ద్వారా పోయే వేడి కూడా ఎక్కువ. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో వైద్యుడు ఎడ్గార్ రే ప్రారంభించిన కంగారూ సంరక్షణలో బిడ్డను తల్లి రొమ్మున చర్మానికి చర్మం తగిలేలా ఆనించి, తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు తొడుగుతారు. నెలలు నిండని, బరువు తక్కువ గల బిడ్డలందరికీ రోజుకు 8 నుండి 24 గంటల పాటు ఈ సంరక్షణ అందించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. వదులు టోపీ జారిపోతుంది, బిగుతు టోపీ నుదుటిని నొక్కుతుంది. సరైన కొలత గలదే పనికి వస్తుంది.

మొదట బిడ్డ కొలతలు

నమూనాపై రాసిన నెలలను నమ్మరాదు. ఒకే వయసు బిడ్డలలో కిలోకు పైగా తేడా ఉండవచ్చు. మెత్తని టేపుతో, టేపు లేకుంటే నూలు దారంతో, కనుబొమ్మల పైనుండి తల వెనుక ఎత్తైన భాగం మీదుగా తల చుట్టుకొలత, చనుమొనల మీదుగా ఛాతీ చుట్టుకొలత, చంక నుండి మణికట్టు వరకు చేతి పొడవు తీసుకోవాలి. నెలలు నిండిన బిడ్డకు తల సుమారు 33 నుండి 36 సెంటీమీటర్లు, ఛాతీ అంతకంటె రెండు సెంటీమీటర్లు తక్కువ ఉంటుంది. ఏడాది నిండేసరికి రెండూ సమానమవుతాయి. విదేశీ నమూనాలలో కొలత అంగుళాలలో ఉంటే 2.54తో హెచ్చించి సెంటీమీటర్లలోకి మార్చుకోవాలి.

రెండవది, అల్లిక ముక్క

వాడదలచిన ఊలుతో, అవే సూదులతో 12 సెంటీమీటర్ల చదరపు ముక్కను అల్లి, ఉతికి ఆరబెట్టాలి. అటుపై నడిమి భాగంలో 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చాయో లెక్కించాలి. ఉతకక ముందు లెక్కించిన ముక్క తర్వాత కుంచించుకొని మోసం చేస్తుంది. ఈ వ్యాసంలో 10 సెంటీమీటర్లకు 24 కుట్లు, 32 వరుసలు అనుకొందాం. అనగా సెంటీమీటరుకు 2.4 కుట్లు, 3.2 వరుసలు.

స్వెటరు లెక్క

ఆరు నెలల బిడ్డ నమూనాలో వీపు భాగానికి 60 కుట్లు, చంక వరకు 48 వరుసలు ఉన్నాయనుకొందాం. అప్పుడే పుట్టిన బిడ్డ ఛాతీ 33 సెంటీమీటర్లు. కదలికకు 5 సెంటీమీటర్ల వదులు కలిపితే 38. అందులో సగం 19. దానిని 2.4తో హెచ్చిస్తే 45.6, అనగా 46 కుట్లు. చంక వరకు 12 సెంటీమీటర్లు కావాలంటే 38 వరుసలు. ఛాతీ 28 సెంటీమీటర్లే ఉన్న చిన్న బిడ్డకు 4 సెంటీమీటర్ల వదులు చాలు. మొత్తం 32, సగం 16, కుట్లు 38.

అంచున రెండు సూటి కుట్లు, రెండు తిరగ కుట్లు వేసేవారు 4తో భాగిస్తే 2 మిగిలే సంఖ్యను ఎంచుకొంటే రెండు కొసలూ ఒకే తీరుగా వస్తాయి. 46, 38 రెండూ అటువంటివే. పువ్వు డిజైను 6 కుట్లకొకసారి తిరిగి వచ్చేదైతే 6తో భాగింపబడే దగ్గరి సంఖ్యకు మార్చుకోవాలి.

చేతికి మణికట్టు వద్ద 30 కుట్లతో మొదలుపెట్టి 38కి పెంచాలంటే 8 కుట్లు అదనం. వరుసకు ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున నాలుగు మార్లు పెంచాలి. పొడవు 14 సెంటీమీటర్లైతే సుమారు 44 వరుసలు. కనుక 10, 20, 30, 40వ వరుసలలో పెంచితే సరిపోతుంది.

ఊలు కూడా తగ్గుతుంది. వెడల్పు 60కి 46, పొడవు 48కి 38 గనుక విస్తీర్ణం దాదాపు 60 శాతం. పాత నమూనాకు 100 గ్రాములు పట్టితే దీనికి సుమారు 60 గ్రాములు చాలు.

అన్నింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించరాదు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆరు నెలల బిడ్డ తల సుమారు 43 సెంటీమీటర్లు. అది దూరే మెడను పై నిష్పత్తిలోనే తగ్గిస్తే 33 వస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ తల 34, 35 ఉండవచ్చు గనుక మెడ పట్టేస్తుంది. అందుచేత పసిబిడ్డకు తల మీదుగా తొడిగే స్వెటరు కంటె, మన ఇళ్ళలోని జబ్లా వలె ముందు తెరుచుకొనేదే మేలు. ముందరి భాగాలు రెండింటికీ 23 చొప్పున కుట్లు తీసుకొని, ఒకదానిపై ఒకటి పడేందుకు మూడేసి కలిపి 26 చేసుకోవాలి. కంగారూ సంరక్షణకు చేతులు లేని, ముందు తెరుచుకొనే చొక్కా అనువైనది.

టోపీ లెక్క

అల్లిక సాగుతుంది గనుక టోపీ తల కొలత కంటె సుమారు 3 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. తల 33 అయితే టోపీ 30, కుట్లు 72. తల 28 అయితే టోపీ 25, కుట్లు 60. రెండూ 6తో భాగింపబడతాయి గనుక నడినెత్తిని ఆరు భాగాలుగా తగ్గించవచ్చు. 60 కుట్ల టోపీలో వరుస విడిచి వరుసకు ఆరేసి కుట్లు తగ్గిస్తే 18 వరుసలలో 6 కుట్లు మిగులుతాయి. ఆ 18 వరుసల ఎత్తు 5.6 సెంటీమీటర్లు. మొత్తం ఎత్తు 11 కావాలంటే అంతకు ముందు 17 వరుసలు తిన్నగా అల్లాలి.

లెక్క లేని మార్గం

కుట్లు మార్చక, ఊలును సూదులను మార్చడం మరొక పద్ధతి. సన్నని ఊలుతో 10 సెంటీమీటర్లకు 30 కుట్లు వస్తే అదే 60 కుట్ల వీపు 25కు బదులు 20 సెంటీమీటర్లు అవుతుంది. అయితే పొడవును టేపుతో కొలుస్తూ అల్లాలి.

జాగ్రత్తలు

బొచ్చు రాలే ఊలు, గరుకు ఊలు పనికిరావు. తొడిగే ముందు ఒకసారి ఉతకాలి. అసలు ఊలును వేడినీట ముంచితే కుంచించుకొంటుంది. పూసలు, పొడవాటి నాడాలు, ఊలు బంతులు పెట్టరాదు. లోపల వేలాడే దారం బిడ్డ వేలికి చుట్టుకొనగలదు గనుక కొసలన్నీ కుట్టివేయాలి. నవజాత శిశు విభాగంలో ఉన్న బిడ్డకు నర్సును అడగకుండా ఇంటి దుస్తులు తొడగరాదు.

బెంగళూరు చలికి అల్లిన స్వెటరు అనంతపురం ఎండకు తగదు. పెద్దలు వేసుకొన్న దానికంటె ఒక పొర అదనం బిడ్డకు చాలును. మెడ వెనుక చెమట పడితే ఒక పొర తీయాలి. ఆరోగ్యంగా ఉండి ఇంటికి చేరిన బిడ్డను ఉయ్యాలలోనో పక్క మీదనో పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసివేయడం మంచిది. పొట్ట కూడా చల్లగా తగిలి, బిడ్డ మందకొడిగా ఉండి పాలు తాగకుంటే, మరో స్వెటరు వెతుకుతూ కూర్చోక బిడ్డను తల్లి రొమ్మున ఆనించి వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. వాహనం లేనివారు 108కి ఫోను చేయవచ్చు.